లండన్ నుంచి పారిస్‌కు: 344 కిలోమీటర్ల చరిత్ర

లండన్ నడిబొడ్డు నుంచి పారిస్ నడిబొడ్డుకు నేరుగా గీత గీస్తే దాని పొడవు సుమారు 344 కిలోమీటర్లు. హీత్రో విమానాశ్రయం నుంచి పారిస్ శివార్లలోని షార్ల్ ద గోల్ విమానాశ్రయానికి కొలిస్తే దాదాపు 348. నేటి రైలు పట్టాల వెంట వెళ్తే 492. విమానం గాల్లో ఉండేది ముప్పావుగంట నుంచి యాభై నిమిషాలు. టికెట్ మీద మాత్రం గంటా పావు, గంటా ఇరవై నిమిషాలు అని ఉంటుంది. ఇంట్లోంచి కాలు బయటపెట్టింది మొదలు అవతలి నగరంలో బస చేరేదాకా లెక్కిస్తే నాలుగు గంటలు దాటడం మామూలే. ఒకే ప్రయాణానికి ఇన్ని లెక్కలు ఉండటానికి కారణాలు ఈ దారి చరిత్రలో దొరుకుతాయి. రెండు వందల ఏళ్ల క్రితం ఇదే ప్రయాణానికి మూడు నాలుగు రోజులు పట్టేది.

అసలు ఈ రెండు నగరాల మధ్య దూరం ఎంతో కచ్చితంగా తెలియని రోజులు చాలాకాలం సాగాయి. రెండింటిలోనూ పేరున్న ఖగోళ వేధశాలలు ఉన్నాయి. రెండింటి పటాలూ వేర్వేరుగా బాగానే ఉన్నాయి. కానీ మధ్యలో సముద్రం ఉండటంతో ఒక పటాన్ని మరో పటానికి అతికించే మార్గం లేకపోయింది. 1783లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త కసీని ద త్యూరీ బ్రిటిష్ ప్రభుత్వానికి ఒక విజ్ఞాపన పంపాడు. గ్రీనిచ్, పారిస్ వేధశాలల రేఖాంశాల తేడాలో దాదాపు 11 సెకన్ల కాలం మేరకు అనిశ్చితి ఉందని, రెండు దేశాలూ కలిసి త్రికోణాల పద్ధతిలో కొలిస్తే అది తీరిపోతుందని అందులో రాశాడు. గ్రీనిచ్ స్థానమే సరిగా తెలియదన్న మాట బ్రిటిష్ ఖగోళ శాస్త్రజ్ఞులకు రుచించలేదు. అయినా రాయల్ సొసైటీ అధ్యక్షుడు జోసెఫ్ బ్యాంక్స్ ఆ పనిని సైనిక ఇంజినీరు విలియమ్ రాయ్‌కి అప్పగించాడు. ఖర్చు మూడవ జార్జి రాజు భరించాడు.

త్రికోణాల కొలతకు ముందుగా ఒక్క భుజాన్ని నేల మీద స్వయంగా కొలవాలి. ఆ తర్వాత కోణాలు మాత్రమే చూస్తూ ఎంత దూరమైనా లెక్క కట్టుకుంటూ పోవచ్చు. ఆ మొదటి గీతకు రాయ్ ఎంచుకున్నది లండన్‌కు పడమర ఉన్న హౌన్‌స్లో హీత్ అనే చదునైన బయలు. 1784 వేసవిలో ముందు కర్ర బద్దలతో కొలిచి చూశారు. తేమకు కర్ర సాగుతూ ముడుచుకుంటూ ఉండటంతో వాటిని పక్కనపెట్టి 20 అడుగుల గాజు గొట్టాలు తెప్పించారు. వాటిని వరసగా కొసకు కొస ఆనించి పేర్చుకుంటూ వెళ్తే ఆ గీత 27,404 అడుగులకు కాస్త పైగా, అంటే ఎనిమిది కిలోమీటర్లు దాటి తేలింది. తర్వాతి కాలంలో గీత రెండు కొసల్లోనూ ఫిరంగి గొట్టాలు నిలువునా పాతి గుర్తు పెట్టారు. వాటిలో ఒకటి ఇప్పటి హీత్రో విమానాశ్రయం ఉత్తరపు అంచున ఉంది. విమానం అనే ఊహే లేని కాలంలో పారిస్ దూరాన్ని కొలవడానికి మొదలుపెట్టిన చోటు నుంచే ఇవాళ పారిస్ విమానాలు లేస్తున్నాయి. ఇది యాదృచ్ఛికమే గానీ, చదునైన నేల కోసం వెతికేవాళ్లు ఏ కాలంలోనైనా ఒకే చోటికి చేరతారు.

కోణాలు కొలిచే యంత్రం కోసం మాత్రం మూడేళ్లు ఆగాల్సి వచ్చింది. జెస్సీ రామ్స్‌డెన్ అనే పరికరాల తయారీ నిపుణుడు మూడడుగుల వ్యాసం గల థియోడలైట్‌ను చెక్కీ దిద్దీ 1787లో గానీ చేతికివ్వలేదు. రాయ్ ఆ ఆలస్యాన్ని బహిరంగంగానే తప్పుపట్టాడు. అదే ఏడాది సెప్టెంబరులో ఫ్రెంచ్ పక్షం నుంచి కసీని కుమారుడు, మెషాన్, లెజాండ్ర్ అనే శాస్త్రవేత్తలు ఇంగ్లండ్ తీరంలోని డోవర్‌కు వచ్చి రాయ్‌ను కలిశారు. సముద్రానికి రెండు వైపులా కొండల మీద రాత్రిపూట ప్రకాశవంతమైన తెల్లని దీపాలు వెలిగించి ఒక తీరం నుంచి మరో తీరానికి కోణాలు చూశారు. పారిస్ మధ్యాహ్న రేఖ గ్రీనిచ్‌కు తూర్పున 2 డిగ్రీల 20 నిమిషాల దూరంలో ఉంది. కాలంలో చెప్పాలంటే 9 నిమిషాల 21 సెకన్లు. రాయ్ లెక్క దీనికి ఒకటి రెండు సెకన్ల తేడాతో సరిపోయింది. రెండేళ్లు తిరగకముందే ఫ్రెంచ్ విప్లవం వచ్చింది, ఆ తర్వాత రెండు దేశాలూ యుద్ధంలో దిగాయి. అంత సన్నటి కాలవ్యవధిలో ఈ పని పూర్తికావడం శాస్త్రానికి కలిసొచ్చిన అదృష్టం. ఇదే పద్ధతితో 1802లో మద్రాసు దగ్గర విలియమ్ లాంబ్టన్ భారతదేశపు మహా త్రికోణమితి సర్వేను ప్రారంభించాడు. ఆ సర్వే తెలుగు నేల మీదుగా సాగినప్పుడు గుత్తి దగ్గర కూడా అలాంటి ఆధార రేఖనే కొలిచారు.

దూరం తెలిసినంత మాత్రాన ప్రయాణం సులువు కాలేదు. లండన్ నుంచి డోవర్ దాకా గుర్రపు బండి, డోవర్ నుంచి కాలే రేవు దాకా తెరచాప ఓడ, అక్కడి నుంచి పారిస్ దాకా మళ్లీ గుర్రపు బండి. జలసంధి వెడల్పు ఇరుకైన చోట 33 కిలోమీటర్లే. గాలి అనుకూలిస్తే మూడు నాలుగు గంటల్లో దాటేవారు. ఎదురుగాలి వీస్తే మాత్రం రేవులోని సత్రంలో రోజుల తరబడి పడిగాపులు తప్పేవి కావు. మొత్తం దారిలో పదో వంతు మాత్రమే అయిన ఆ నీళ్లు ఎంత సేపు ఆపుతాయో ఎవరూ ముందుగా చెప్పలేకపోయేవారు. అందుకే పందొమ్మిదో శతాబ్దపు తొలి ప్రయత్నాలన్నీ సముద్రం మీదే సాగాయి. 1816లో ఎలీజ్ అనే పొగ ఓడ భీకరమైన అలల మధ్య మొదటిసారి ఇంగ్లిష్ ఛానెల్ అనే ఈ సముద్రాన్ని దాటింది. 1821 నుంచి డోవర్, కాలే మధ్య ఆవిరి ఓడలు క్రమంగా తిరగసాగాయి. గాలి దయాదాక్షిణ్యాలతో పని లేని రోజులు అప్పుడు మొదలయ్యాయి.

నేల మీది ఆలస్యాన్ని రైలు తీర్చింది. ఇంగ్లండ్ వైపు పట్టాలు 1844లో డోవర్ చేరాయి. ఫ్రాన్స్ వైపు 1848లో బులోన్, కాలే రేవులు రెండూ పారిస్‌తో కలిశాయి. రోజుల ప్రయాణం దాదాపు 12 గంటలకు తగ్గింది. పొద్దున్నే లండన్‌లో బయల్దేరినవాళ్లు రాత్రికి పారిస్‌లో నిద్రపోగలిగారు. 1851లో డోవర్, కాలే మధ్య సముద్రం అడుగున తంతి తీగ పడింది. అదే ఏడాది జూలియస్ రాయిటర్ లండన్‌లో కార్యాలయం తెరిచి ఆ తీగ మీదుగా రెండు నగరాల షేర్ల ధరలు పంపడం మొదలుపెట్టాడు. మనిషి చేరడానికి పన్నెండు గంటలు పడితే మాట నిమిషాల్లో చేరింది. అంతకు ముందు రెండూ ఒకే ఓడలో వెళ్లేవి.

గాలిలో దాటాలన్న కోరిక దీనికన్నా ముందుది. 1785 జనవరి 7న జాన్ పియేర్ బ్లాన్‌షార్, జాన్ జెఫ్రీస్ వాయుగోళంలో డోవర్ నుంచి బయల్దేరి రెండున్నర గంటల్లో కాలే దగ్గరి గిన్ అడవిలో దిగారు. గోళం కిందికి జారిపోతుంటే సామాను, చివరికి ఒంటి మీది బట్టలు కూడా సముద్రంలోకి విసిరేశారు. అదే ఏడాది జూన్‌లో ఎదురు దిశలో ప్రయత్నించిన పిలాత్ర్ ద రోజియే, తన సహచరుడితో సహా ప్రాణాలు కోల్పోయాడు. ఆ తర్వాత 124 ఏళ్లకు, 1909 జులై 25న లూయి బ్లెరియో ఒకే జత రెక్కలున్న తన చిన్న విమానంలో కాలే పక్క నుంచి డోవర్‌కు 36 నిమిషాల్లో చేరాడు. డైలీ మెయిల్ పత్రిక ప్రకటించిన 1,000 పౌన్ల బహుమతి అతనికి దక్కింది. ఇది సముద్రం దాటడమే గాని నగరం నుంచి నగరానికి చేరడం కాదు. పారిస్ నుంచి లండన్‌కు మొదట ఎగిరిన జాన్ మోయ్‌సాంట్ 1910లో దారిలో పదే పదే దిగాల్సి రావడం, విమానం దెబ్బతినడం వల్ల మూడు వారాలు తీసుకున్నాడు. 1911 ఏప్రిల్ 12న పియేర్ ప్రియే లండన్‌లోని హెండన్ నుంచి పారిస్ అంచున ఉన్న ఇస్సీకి ఎక్కడా ఆగకుండా నాలుగు గంటల లోపే చేరాడు. రెండు నగరాల మధ్య విమానయాన కాలం అని చెప్పుకోదగ్గ తొలి అంకె అదే.

మొదటి ప్రపంచ యుద్ధం విమానాలను, వాటిని నడిపేవాళ్లను వేల సంఖ్యలో తయారుచేసింది. యుద్ధం ముగియగానే వాళ్లకు పని వెతకాల్సి వచ్చింది. 1919 ఆగస్టు 25న ఎయిర్‌క్రాఫ్ట్ ట్రాన్స్‌పోర్ట్ అండ్ ట్రావెల్ అనే సంస్థ లండన్, పారిస్ మధ్య రోజువారీ విమాన సర్వీసును ప్రారంభించింది. ప్రపంచంలో రెండు దేశాల మధ్య రోజూ నడిచిన తొలి ప్రయాణికుల విమాన సర్వీసుగా దాన్ని చెప్పుకుంటారు. విమానం లేచింది రాయ్ గాజు గొట్టాలు పేర్చిన ఆ హౌన్‌స్లో హీత్ మీది నుంచే. దిగింది పారిస్ శివార్లలోని లె బూర్జేలో. యుద్ధంలో బాంబులు మోసిన డి హావిలాండ్ రకం విమానాన్నే మార్చి వెనక భాగంలో ఇద్దరు కూర్చునే మూత గది అమర్చారు. ఆ రోజు పైలట్ బిల్ లాఫర్డ్‌తో పాటు ఎక్కింది ఒక్క పత్రికా విలేకరి. మిగతా బరువంతా వార్తాపత్రికలు, తోలు, డెవన్‌షైర్ మీగడ, వేటపక్షుల మాంసం. ప్రయాణానికి సుమారు రెండున్నర గంటలు పట్టింది. ఒక వైపు టికెట్ 21 పౌన్లు. సామాన్యుడు కలలో కూడా ఊహించని మొత్తం అది.

ఆ తొలి ఏళ్లలో పైలట్లకు దారి చూపినవి రైలు పట్టాలు, రహదార్లు, నదులు. మేఘాలు కమ్మితే పట్టాలు కనిపించేంత కిందికి దిగేవారు. ఇంజిన్ ఆగిపోతే దిగడానికి తీరానికి ఇటు లింప్‌న్‌లోనూ అటు సాంత్ ఎంగ్లెవేర్‌లోనూ మైదానాలు సిద్ధంగా ఉండేవి. 1920 మార్చిలో లండన్ విమానాశ్రయం హౌన్‌స్లో నుంచి క్రోయ్‌డన్‌కు మారింది. అక్కడ సామానుతో పాటు ప్రయాణికులను కూడా తూకం వేసేవారు. డబ్బు మాత్రం నిలవలేదు. ఫ్రెంచ్ ప్రభుత్వం తమ సంస్థలకు ధారాళంగా సబ్సిడీ ఇవ్వడంతో పోటీ పడలేక 1921 ఫిబ్రవరి చివర బ్రిటిష్ సర్వీసులన్నీ ఆగిపోయాయి. తమ ప్రభుత్వమూ సాయానికి దిగాక మార్చిలో మళ్లీ మొదలయ్యాయి. ఈ దారిలో విమానం నడవాలంటే ప్రజాధనం కావాలని అప్పుడే తేలిపోయింది.

1922 ఏప్రిల్ 7న ఫ్రాన్స్‌లో పొగమంచు కమ్మిన పికార్దీ ప్రాంతంలో ఒకే రోడ్డును చూసుకుంటూ ఎదురెదురుగా వచ్చిన రెండు విమానాలు ఢీకొన్నాయి. ఒకటి క్రోయ్‌డన్ నుంచి వస్తున్న బ్రిటిష్ విమానం, రెండోది పారిస్ నుంచి వెళ్తున్న ఫర్మాన్ గోలియత్ అనే ఫ్రెంచ్ విమానం. ఏడుగురు మరణించారు. ప్రయాణికుల విమానాలు గాల్లో ఢీకొనడం చరిత్రలో అదే మొదటిసారి. రోడ్డుకు ఏ పక్కన ఎగరాలి, ఎవరు ఎవరికి దారి ఇవ్వాలి అన్న నియమాలు, రేడియోలో విమానాల జాడ చెప్పే ఏర్పాట్లు దీని తర్వాతే గట్టిపడ్డాయి. నేటి విమాన రాకపోకల నియంత్రణకు క్రోయ్‌డన్, లె బూర్జే మధ్య దారే తొలి బడి.

1924లో ఏర్పడిన ఇంపీరియల్ ఎయిర్‌వేస్ ఈ దారికి హోదా తెచ్చింది. 1927 మే నుంచి సిల్వర్ వింగ్ పేరుతో మధ్యాహ్న భోజనం వడ్డించే సర్వీసు నడిపింది. 1931లో వచ్చిన హ్యాండ్లీ పేజ్ రకం నాలుగు ఇంజిన్ల పెద్ద విమానాల్లో 38 మందికి చోటుండేది. వేగం గంటకు సుమారు 160 కిలోమీటర్లే కాబట్టి కాలం దాదాపు పాత రెండున్నర గంటల దగ్గరే నిలిచిపోయింది. సంస్థ వేగాన్ని వదులుకుని భద్రతను, సౌకర్యాన్ని ఎంచుకుంది. మామూలు ప్రయాణికుడు మాత్రం అప్పటికీ రైలూ ఓడే ఎక్కేవాడు. 1929 నుంచి గోల్డెన్ యారో రైలు, ఓడ, ఫ్రెంచ్ రైలు కలిసి సుమారు ఆరున్నర గంటల్లో చేర్చేవి. 1936లో వచ్చిన నైట్ ఫెర్రీ ఇంకో అడుగు ముందుకు వేసింది. నిద్రపోతున్న ప్రయాణికులతో సహా రైలు పెట్టెలను ఓడలోకి ఎక్కించి అవతలి ఒడ్డున దించేవారు. అది 1980 దాకా సాగింది.

అసలైన మలుపు 1950 జులై 29న వచ్చింది. బ్రిటిష్ యూరోపియన్ ఎయిర్‌వేస్ ఆ రోజు వికర్స్ వైకౌంట్ విమానాన్ని లండన్ దగ్గరి నార్త్‌హోల్ట్ నుంచి లె బూర్జేకి నడిపింది. టర్బైన్ ఇంజిన్లతో టికెట్ ప్రయాణికులను మోసిన తొలి సర్వీసు ప్రపంచంలో అదే. టికెట్ కొన్నవాళ్లు 14 మంది, అతిథులు 12 మంది. పట్టిన కాలం 57 నిమిషాలు. ఆ తర్వాత జెట్లు వచ్చాయి, వేగం గంటకు 800 కిలోమీటర్లు దాటింది. అయినా ఈ దారిలో గాలి ప్రయాణం ఆ అంకె కన్నా పది పన్నెండు నిమిషాలకు మించి తగ్గలేదు.

కారణం తెలుసుకోవాలంటే ఆ నిమిషాలను విడదీసి చూడాలి. 350 కిలోమీటర్ల దారిలో విమానం పైకెక్కడానికీ కిందికి దిగడానికే ఎక్కువ సేపు పడుతుంది. పూర్తి వేగంతో సమతలంగా ఎగిరేది కొద్ది నిమిషాలే. వేగం రెట్టింపు చేసినా లాభం ఆ కొద్ది నిమిషాల్లోనే. విమాన కాలంగా టికెట్ మీద చూపేది గేటు నుంచి కదిలింది మొదలు అవతలి గేటు దగ్గర ఆగేదాకా. రన్‌వే కోసం వరసలో నిలబడటం, హీత్రో మీద వంతు కోసం గుండ్రంగా తిరగడం, దిగాక టెర్మినల్ దాకా పాకడం అన్నీ అందులోనే ఉంటాయి. ఆలస్యమైనా చెప్పిన వేళకే చేరినట్టు ఉండాలని సంస్థలు కొంత అదనపు వ్యవధి కూడా కలుపుతాయి. అందువల్లే ఇంజిన్లు ఇంత మెరుగుపడినా టికెట్ మీది కాలం పొడుగైంది.

గాల్లో వేగం కన్నా నేల మీది ఆలస్యమే ముఖ్యమని 1959లోనే ఒక పందెం బయటపెట్టింది. బ్లెరియో ప్రయాణానికి యాభై ఏళ్లయిన సందర్భంగా డైలీ మెయిల్ లండన్‌లోని మార్బుల్ ఆర్చ్ నుంచి పారిస్‌లోని ఆర్క్ ద ట్రియోంఫ్‌కు పోటీ పెట్టింది. గెలిచింది రాయల్ ఎయిర్ ఫోర్స్ స్క్వాడ్రన్ లీడర్. రెండు నగరాల్లోనూ మోటారు సైకిల్ వెనక సీటు, హెలికాప్టర్, మధ్యలో హంటర్ యుద్ధ జెట్. మొత్తం 40 నిమిషాల 44 సెకన్లు. ఆ అధికారి గెలవడానికి జెట్ ఎంత కారణమో, నగరపు రద్దీని తప్పించిన మోటారు సైకిలూ హెలికాప్టరూ అంతకన్నా ఎక్కువ కారణం. మామూలు ప్రయాణికుడికి ఆ రెండూ ఎప్పటికీ అందలేదు.

పొగమంచును ఓడించిన ఘనత కూడా ఈ దారిదే. 1965 జూన్ 10న లె బూర్జే నుంచి వచ్చిన ట్రైడెంట్ జెట్ హీత్రోలో తనంతట తానే నేలను తాకింది. ప్రయాణికులున్న సర్వీసులో అలా జరగడం అదే మొదలు. తొమ్మిదేళ్ల తర్వాత ఈ దారి ఘోరమైన విషాదాన్ని చూసింది. 1974 మార్చి 3న పారిస్ దగ్గరి ఓర్లీ నుంచి హీత్రోకు లేచిన టర్కిష్ ఎయిర్‌లైన్స్ డీసీ-10 సామాను గది తలుపు గాల్లో ఊడిపోవడంతో ఎర్మెనోన్‌విల్ అడవిలో కూలింది. 346 మంది చనిపోయారు. లండన్‌లో సమ్మె వల్ల వేరే విమానాలు దొరక్క చాలామంది ఆ విమానంలోకి మారారు. తలుపు గడియ లోపం అంతకు రెండేళ్ల ముందే అమెరికాలో బయటపడింది. సరిదిద్దగలిగీ సరిదిద్దని లోపానికి ఇంతమంది బలికావడం క్షమించరానిది. ఆ వారంలోనే షార్ల్ ద గోల్ విమానాశ్రయం తెరుచుకుంది.

సముద్రం కింద సొరంగం అన్న ఆలోచన 1802లో అల్బేర్ మాత్యూ అనే ఫ్రెంచ్ ఇంజినీరుది. 1880లలో తవ్వకం మొదలై బ్రిటిష్ సైనికాధికారుల భయం వల్ల ఆగింది. 1970లలో మళ్లీ మొదలై డబ్బు లేక ఆగింది. చివరికి 1986 ఒప్పందంతో పని సాగి, 1990 డిసెంబరు 1న ఇరువైపుల కార్మికులు సముద్రం అడుగున చేతులు కలిపారు. 50 కిలోమీటర్లకు పైబడిన ఆ సొరంగంలో 38 కిలోమీటర్లు సముద్ర గర్భంలోనే ఉంది. 1994 నవంబరు 14న యూరోస్టార్ రైళ్లు మూడు గంటల ప్రయాణంతో మొదలయ్యాయి. ఫ్రాన్స్‌లో గంటకు 300 కిలోమీటర్ల వేగంతో వచ్చిన రైలు ఇంగ్లండ్‌లో పాత పట్టాల మీద నిదానంగా పోవాల్సి వచ్చేది. కొత్త పట్టాల మొదటి భాగం 2003లో తెరిచాక 2 గంటల 35 నిమిషాలకు, 2007 నవంబరులో సెయింట్ పాంక్రస్ స్టేషన్‌కు మారాక 2 గంటల 15 నిమిషాలకు కాలం తగ్గింది. దానికి ముందు సెప్టెంబరులో ఒక రైలు పారిస్ నుంచి 2 గంటల 3 నిమిషాల 39 సెకన్లలో వచ్చింది.

టికెట్ల మీద చూస్తే విమానమే గంట ముందుంటుంది. కానీ రైలు ఒక నగరం మధ్య నుంచి మరో నగరం మధ్యకు చేరుస్తుంది. ఆ తేడా ముందు విమానం నిలవలేదు. రెండు నగరాల మధ్య ప్రయాణికుల్లో మూడింట రెండు వంతులకు పైగా రైలు వైపు మళ్లారు. విమానాలను నిలబెడుతున్నవాళ్లలో ముఖ్యులు మరో విమానం అందుకోవాల్సినవాళ్లు. హైదరాబాద్ నుంచి నేరుగా హీత్రోలో దిగి పారిస్ వెళ్లాల్సిన ప్రయాణికుడు సామానుతో లండన్ నగరంలోకి వెళ్లి రైలెక్కడు, విమానాశ్రయంలోనే మరో విమానం అందుకుంటాడు.

వేళలు చూసుకునేటప్పుడు గడియారాల తేడా కూడా గుర్తుంచుకోవాలి. పారిస్ లండన్ కన్నా గంట ముందు. టికెట్ లెక్కలో ఉదయం 9 గంటలకు లండన్‌లో బయల్దేరిన విమానం 11:20కి చేరుతుంది, తిరుగు విమానం 9కి బయల్దేరి 9:20కి చేరుతుంది. సూర్యుడి లెక్కలో తేడా రాయ్ కాలంలో దాదాపుగా తేలిన ఆ 9 నిమిషాల 21 సెకన్లే. 1911లో ఫ్రాన్స్ చట్టం చేసి సరిగ్గా అంత తగ్గించుకుని గ్రీనిచ్ కాలానికి సరిపోయింది. 1940లో జర్మన్ ఆక్రమణ పారిస్ గడియారాలను బెర్లిన్‌తో కలిపింది, ఆ ఏర్పాటే చివరికి స్థిరపడింది. 1968 అక్టోబరు నుంచి 1971 అక్టోబరు దాకా బ్రిటన్ ఏడాది పొడుగునా గంట ముందుకు జరిపి చూసింది. ఆ మూడేళ్లు రెండు నగరాలదీ ఒకే వేళ.

బ్రిటన్ యూరోపియన్ యూనియన్ విడిచిపెట్టాక కొత్త జాప్యం మొదలైంది. ఈ దారిలో బయల్దేరే స్టేషన్‌లోనే రెండు దేశాల సరిహద్దు తనిఖీ జరుగుతుంది. 2021లో బ్రిటిష్ పాస్‌పోర్టులకు ముద్ర వేయడం మొదలవడంతో ఒక్కొక్కరి దగ్గర పట్టే సమయం పెరిగింది. సెయింట్ పాంక్రస్‌లో కౌంటర్లు పెంచడానికి చోటు తక్కువ. 2022, 2023 సంవత్సరాల్లో రద్దీ వేళల్లో యూరోస్టార్ కొన్ని సీట్లను అమ్మకుండా ఖాళీగా ఉంచి రైళ్లు నడిపింది. పట్టాలు, సొరంగం, రైలు పెట్టెలు ఇంకా ఎక్కువమందిని మోయగలిగినా వాళ్లందరినీ వేళకు తనిఖీ చేసి పంపడం స్టేషన్‌కు సాధ్యం కాలేదు.